పడవ దిగి నాలుగు గంటలు

(సంక్రాంతి నాటి సంఘ సమావేశములో చేసిన ప్రసంగము, పరాభవ నామ సంవత్సర ఉగాది సంచికకై వ్రాసి ఇచ్చినది)



మేము ఉపన్యాసకులము కాము. మెట్రిక్ ప్యాసై, బల్లార్షా స్టేషనులో పార్సెళ్ళకు రసీదులు వ్రాసుకొనే గుమాస్తాలము. "మేము" అన్నప్పుడల్లా మా రైల్వే కాలనీలోని ఐదు ఇళ్ళవారినీ కలిపే అంటున్నామని గ్రహించండి. మాటలలో తప్పులు దొర్లితే అవి మాత్రం మాట్లాడే మనిషివే, మిగిలిన నాలుగు ఇళ్ళవారికి వాటితో సంబంధము లేదు.

ఈ కథ దసరా తరువాత ఒక పెళ్ళిలో మొదలైనది. అమెరికాలో ఉండే మా బావగారొకరు ఆ పెళ్ళికి వచ్చి, కరీబియన్ సముద్రములో ఓడ మీద చేసిన విహార యాత్ర ఫొటోలు సెల్‌ఫోనులో చూపించినారు. ఆ ఓడ పదిహేను అంతస్తులట. అందులోనే బజారు, ఈతకొలను, నాటకశాల. రోజుకొక దీవి దగ్గర ఆగుతుందట. పొద్దున దిగినవారు నాలుగైదు గంటలు దీవిలో తిరిగి, చెప్పిన వేళకు మళ్ళీ ఓడ ఎక్కవలె. సొంతంగా తిరగబోయి ఆలస్యము చేసినవారి కోసం ఓడ ఆగదట. తరువాతి రేవుకు వారే డబ్బు పెట్టుకొని చేరుకోవలెనట. ఈ చివరి నియమము మాకు బాగా నచ్చినది. మేమూ బండి ఎవరి కోసమూ ఆగదని నిత్యము చెప్పేవారమే గదా.

"ఆ దీవిలో ఏమి చూచినారు బావా?" అని అడిగితే, "మార్టినిక్ అని ఒక దీవి. సముద్రము, ఇసుక, రంగు గొడుగులు. నాలుగు గంటలలో ఇంకేమి చూస్తాము?" అన్నారు.

ఆ రాత్రి నుండి మా ఇండ్లలో ఒకటే మాట: మనమెప్పుడైనా పడవెక్కి ఎక్కడైనా దిగినామా? మనకు సముద్రము లేదన్నాము. నది ఉన్నదిగదా అన్నారు. నిజమే, ఉన్నది. కాళేశ్వరము దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇవతలి గట్టు తెలంగాణ, అవతలి గట్టు మన మహారాష్ట్రలోని సిరొంచ. గడ్చిరోలి జిల్లాలో అది చిట్టచివరి తాలూకా. జిల్లా కేంద్రము నుండి సుమారు 200 కిలోమీటర్ల దూరము. బల్లార్షా నుండి ఆలాపల్లి అడవి మీదుగా సిరొంచకు రోడ్డు ఉన్నది. కాని ఆ దారిలో పడవ ఎక్కే పని లేదు. ఇక కాళేశ్వరము వైపు నుండి పోతే గోదావరి మీద వంతెన ఉన్నది, జీపు కాసేపటిలో దాటించును. అయినా మా ఇంటివారు పట్టు విడువలేదు. వంతెన కింద నుండే పోవలెనన్నారు. పాసులున్న రైలులో రామగుండము దాకా పోయి, అక్కడ నుండి మంథని, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరము చేరి, పడవలో సిరొంచ ఒడ్డుకు పోవుటకు నిశ్చయించినాము. మన రాష్ట్రములోని ఊరికి పక్క రాష్ట్రము చుట్టి, నీళ్ళ మీద పోయినామన్నమాట. లెక్క చూసినవారికి నవ్వు వచ్చును. ఖర్చు కూడా రెట్టింపయినది.

2025 మే నెలలో అక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగినవి. ఆ రద్దీలో మేము పోలేదు. డిసెంబరులో ఒక ఆదివారము పోయినాము. పెద్దలము పదిమంది, పిల్లలు తొమ్మిదిమంది. కాళేశ్వరములో ఒకే పానవట్టము మీద రెండు లింగాలుండుట మీలో చాలామంది చూచినదే కనుక ఆ వర్ణన చేయను. స్నానము, దర్శనము అయినవి. పులిహోర, దద్దోజనము గిన్నెలతో రేవుకు దిగినాము.

పడవవాడు మంచివాడు, అంతకంటె మొండివాడు. పదిమందికి మించి ఎక్కించుకోనన్నాడు. ప్రతివారూ లైఫ్ జాకెట్టు వేసుకోవలెనన్నాడు. "మోకాలి లోతు నీళ్ళకు ఇదంతా ఎందుకన్నా?" అని మాలో ఒకరు గొణిగినారు. అతడు జవాబు చెప్పకుండా తాళ్ళు బిగించినాడు. 2019 సెప్టెంబరు 15న ఇదే గోదావరి మీద, కచ్చులూరు దగ్గర, పాపికొండలకు పోతున్న విహార పడవ మునిగి పదుల మంది పోయిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చినది. అందరము మాట్లాడక వేసుకున్నాము.

నది మధ్యకు రాగానే పడవ ఇసుకలో కూరుకున్నది. మగవాళ్ళము ప్యాంట్లు మడిచి దిగి తోసినాము. ఆడవాళ్ళు పైనుండి నవ్వినారు. రెండు నీళ్ళు కలిసే గీత పడవవాడు చేత్తో చూపినాడు. చూపిన తరువాతనే మాకు కనబడినది. ఎక్కువ నీళ్ళు ప్రాణహితవేనట. గోదావరి మీద పైన అన్నీ ఆనకట్టలే, వానలు వెనుకబడితే ఆమె దగ్గర మిగిలేది తక్కువ. ప్రాణహితలో వార్ధా, వైన్‌గంగ రెండూ కలిసి వస్తాయి. మన ఊరి పక్కన మనము రోజూ చూచే వార్ధా నీళ్ళే ఇక్కడికి వచ్చి చేరుతున్నవని పిల్లలకు చెప్పినాము. వాళ్ళు నమ్మలేదు.

ఒడ్డు చేరబోతుండగా ఒక పెద్దమనిషి మోకాటి దాకా నీళ్ళలోకి వచ్చి తాడు అందుకున్నాడు. సరిగా ఆ సమయములోనే మేము గట్టిగా ఒక మాట అన్నాము. "ఇంత దూరము వచ్చినాము, చూచుటకు నిండుగా నీళ్ళైనా లేవు" అని. ఎవరు అన్నారో చెప్పను. ఐదు ఇళ్ళవారమూ తల ఊపినాము కనుక ఐదు ఇళ్ళవారమూ అన్నట్లే.

మహారాష్ట్ర ఒడ్డు గదా అని ఆయనతో మరాఠీలో "కాకా, చహా కుఠే మిళేల్?" అని అడిగినాము. ఆయన తాడు ముడి వేస్తూ, "చాయె నా? మా ఇంటి పక్కనే దొరుకుతది, రాండ్రి" అన్నాడు. అచ్చమైన కరీంనగరము తెలుగు.

మేము బల్లార్షాలో తెలుగు మాటకు చివరి కావలివాళ్ళమని అనుకుంటాము. ఆదివారము బడి పెట్టినాము, ఉగాది చేస్తున్నాము, సంచిక వేస్తున్నాము. ఆ గర్వముతోనే, "తాతా, మీరు ఏ ఊరి నుండి ఇక్కడికి వలస వచ్చినారు?" అని అడిగినాము.

"మేమేడికెల్లి రాలె బిడ్డా. సర్కార్లే వచ్చుకుంట పోయినయి" అన్నాడు.

ఆ మాట అర్థము కావటానికి మాకు ఇంటికి వచ్చి పాత గెజిటీరు చూడవలసి వచ్చినది. 1860 దాకా ఆ గట్టు నిజాము రాజ్యము. ఆ ఏడు నిజాము గోదావరి ఎడమ గట్టు ప్రాంతమును ఆంగ్లేయులకు ఇచ్చివేసినాడు. వారు దానిని ఎగువ గోదావరి జిల్లా చేసి, సిరొంచను దానికి ముఖ్యపట్టణము చేసినారు. అవునండీ, ఈ మారుమూల ఊరు ఒకనాడు జిల్లా కేంద్రము. గ్లాస్‌ఫర్డ్ అనే దొర అక్కడ డిప్యూటీ కమిషనరుగా ఉన్నాడు. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి సిరొంచను చాందాలో కలిపినారు. మధ్యపరగణాలు, మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. తాతల నాటి ఇల్లు కదలలేదు. ఇంటి మీది బోర్డులు మారినవి.

అంత హడావిడిగా ఆ గట్టు ఆంగ్లేయులకు ఎందుకు కావలసి వచ్చినది? ఇక్కడ మా రైల్వేవారికి సంబంధించిన భాగము వస్తుంది కనుక కొంచెము ఆగి చెప్తాము. కావలసినది ఓడల కోసము. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన కాటన్ దొర, సముద్రము నుండి గోదావరి, ప్రాణహితల మీదుగా వార్ధా దాకా పొగ ఓడలు నడుపవలెనని, మధ్య ఇండియా పత్తిని నీటి మీదనే కోస్తాకు దింపవలెనని పట్టుపట్టినాడు. నదిలో మూడు చోట్ల రాళ్ళ అడ్డాలు ఉన్నవి: దుమ్ముగూడెము దగ్గర ఒకటి, ఇంచంపల్లి దగ్గర ఒకటి, ప్రాణహిత మీద దేవలమరి దగ్గర ఒకటి. హేగ్ అనే ఇంజనీరు ఆ పని నడిపినాడు. అమెరికాలో 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధము జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఈ పనికి గిరాకీ వచ్చినది. తరువాత ఏమైనది? యుద్ధము ముగిసినది. 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరినది. పత్తి రైలు ఎక్కినది. 1871లో నది పని ఆపివేసినారు. మూడేళ్ళకు సిరొంచ జిల్లా హోదా కూడా పోయినది.

పోనీ ఓడను మింగిన రైలైనా సిరొంచకు పోయినదా? పోలేదు. 1929లో కాజీపేట నుండి బల్లార్షాకు లైను కలిపినారు, మద్రాసు నుండి ఢిల్లీకి దారి దగ్గరైనది, మనవంటివాళ్ళకు ఉద్యోగాలు వచ్చినవి. ఆ లైను ప్రాణహితకు ఇవతలనే పోయినది. ఈ రోజుకూ సిరొంచలో రైలు కూత వినపడదు. అది మారుమూల ఊరని మనము అంటున్నాముగాని, ఓడ వస్తుందని ఒకసారి, రైలు వస్తుందని ఒకసారి ఎదురుచూచి మిగిలిపోయిన ఊరు అది.

మళ్ళీ ఒడ్డుకు వస్తాము. చాయ త్రాగుతూ ఉండగా ఆయన నది వైపు చేయి చాపి అన్నాడు. "నీళ్ళు లెవ్వని అన్నరు గదా బిడ్డా. గా తెల్లగ కనబడే ఇసుక ఉన్నది సూడు, గదే మా చెల్క. నీళ్ళు నిండుగ ఉన్నన్ని ఏండ్లు అది నీళ్ళల్లనే ఉండె. ఇప్పుడు బయటికి వచ్చింది, మీద ఇసుక మేట వేసింది. గీ యాసంగి అంచుకు మిరప పెట్టిన." కోపముగా చెప్పలేదు. కోపముగా చెప్పినా బాగుండేది.

ఆ సంగతి పేపర్లలో చదివినదే, కాని ఆ గట్టున నిలబడి ఆలోచించలేదు. కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ దగ్గర 85 గేట్ల బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించినారు. దాని వెనుక నీరు నిలిచి తమ పొలాలు మునుగుతున్నవని, గట్లు కోసుకుపోతున్నవని సిరొంచ తాలూకా రైతులు ఎన్నోసార్లు ఆందోళన చేసినారు. 2022 జులై వరద వేరే. 2023 అక్టోబరు 21న బ్యారేజీ పియర్లు కొన్ని కుంగినవి. అప్పటి నుండి నీరు నిలుపుట ఆపివేసినారు. మేము చూడగోరిన నిండు గోదావరి ఆయన చేను మీద నిలిచిన నీరే. అవతలి గట్టున ఆ నీటి కోసము ఎదురుచూచిన రైతులూ ఉన్నారు, వారూ మనవాళ్ళే. న్యాయము చెప్పుటకు మేము ఎవరము? కాని ఆ మాట ఆయన చెవిన పడేటట్లు అన్నందుకు పులిహోర గొంతు దిగలేదు. "తప్పయినది తాతా" అన్నాము. "మీకేమెరుక బిడ్డా" అని, విస్తరిలో ఇంకొంచెము పులిహోర వడ్డించమని తానే చేయి చాపినాడు.

ఇక్కడ మా బావగారి దీవి జ్ఞాపకము వచ్చినది. 1848లో ఫ్రెంచివారు తమ దీవులలో బానిసత్వము రద్దు చేసిన తరువాత, చెరకు తోటలకు మనుషులు చాలక, 1853 నుండి మార్టినిక్‌కు, 1854 నుండి గ్వాడెలూప్‌కు మన దక్షిణాది నుండి కూలీలను ఓడల మీద తీసుకుపోయినారు. ఎక్కువమంది తమిళులు, కొందరు తెలుగువారు. యానాము ఆనాడు ఫ్రెంచివారిదే గదా. వారి ముని మనుమలు ఈనాటికీ ఆ దీవులలో ఉన్నారు. మా బావగారు రంగు గొడుగుల కింద కూర్చున్న చోటికి వారి ఇండ్లు ఎంత దూరమో! ఆయనను ఎత్తిపొడవటానికి చెప్పుట లేదు. మేమూ పక్క తాలూకాకు పోయి మరాఠీలో చాయ అడిగినవాళ్ళమే. హైతీ దేశములో లబాడీ అనే చోటనైతే ఒక ఓడల కంపెనీ 1986 నుండి తీరమును అద్దెకు తీసుకొని చుట్టూ కంచె వేసుకున్నది; అక్కడ దిగినవారికి ఆ దేశపు ఊరు కంటబడలేదు. సిరొంచలో కంచె లేదు. ఉన్నది మాకు అలవాటైన కళ్ళే.

తరువాత ఆయన ఇంటికి పోయినాము. ముసలమ్మ మజ్జిగ ఇచ్చినది. మనుమరాలు, పది పదకొండేండ్ల పిల్ల, గడప మీద కూర్చుని అంగడికి పోవుటకు సామాను జాబితా వ్రాస్తున్నది. మా పిల్లవాడు ఒకడు వంగి చూచి, "ఇది మరాఠీనా?" అన్నాడు. అక్షరాలు మరాఠీవి. చదివితే మాటలు మాత్రము ఉప్పు, చింతపండు, కందిపప్పు, గోలీల డబ్బా. ఆ పిల్ల చదివేది మరాఠీ బడి. ఇంట్లో ఒక్క ముక్క మరాఠీ లేదు. నోటిలో ఉన్న తెలుగును చేతికి వచ్చిన అక్షరములలో పెడుతున్నది. ఎవరూ చెప్పలేదు, తానే కనిపెట్టుకున్నది.

మా పిల్లవాని సంగతి దీనికి తలక్రిందులు. వాడు మన ఆదివారము బడిలో గుణింతము దాకా వచ్చినాడు, పోయిన ఉగాదికి ఇదే వేదిక మీద బహుమతి తీసుకున్నాడు, వాళ్ళ అమ్మ తెలుగులో పిలిస్తే "క్యా హై?" అంటాడు. ఆ ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. వాడు ఆ పిల్ల పేరు తెలుగు అక్షరాలలో వ్రాసి చూపినాడు. ఆ పిల్ల కాగితము అటు తిప్పి ఇటు తిప్పి, "గింత గుండ్రంగ ఉంటదా మన పేరు?" అన్నది. అ నుండి మొదలుపెట్టుమన్నది. వాడు నోటుపుస్తకములో కాగితము చింపి వ్రాయసాగినాడు. ఆ పిల్ల ప్రతి అక్షరానికీ ఒక మాట చెప్తున్నది, వాడు ఆ మాటలు వింటున్నాడు; సగము వాడికి తెలియనివి. "ఊడ" అంటే ఏమని వాడు అడిగినాడు. మర్రిచెట్టుకు వేలాడేదని చేతులు ఊపి చూపినది.

ఇంతలో నాలుగు కావచ్చినది. పడవవాడు గట్టు మీద నుండి కేకలు పెడుతున్నాడు. చీకటి పడితే ఇసుకలో దారి దొరకదట. వాడు "ఓ" దగ్గర ఉన్నాడు. ఇంకొక్క నిమిషము అన్నాడు. బండి ఆగదని జీవితమంతా ఇతరులకు చెప్పిన మేము ఆ రోజు పడవను పావుగంట ఆపించినాము. మొదటి విడతవారు పోయినారు, రెండవ విడతలో మేము చీకటితో పోటీపడి దాటినాము. పడవవాడు ఏమీ అనలేదు, పైకము మాత్రము కొంచెము ఎక్కువ పుచ్చుకున్నాడు. న్యాయమే.

చూడనివి చాలా మిగిలినవి. సిరొంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గర కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు 1958 నుండి 1961 వరకు త్రవ్వి, నలభై అడుగులకు పైబడిన రాక్షసబల్లి ఎముకలు తీసినారు. 1975లో దానికి బారపాసారస్ టాగోరై అని రవీంద్రుని పేరు కలిపి పేరు పెట్టినారు. "బారపా" అంటే బెంగాలీలో పెద్ద కాలు. కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియములో అస్థిపంజరము నిలబెట్టినారు. మన పిల్లలకు డైనోసార్లంటే అమెరికా సినిమాలే తెలుసు. వడదము దగ్గర శిలాజాల పార్కు కూడా ఉన్నది. ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే సోమనూరు సంగమము ఉన్నది. ఏదీ చూడలేదు. నాలుగు గంటలూ ఒక గడప దగ్గరే గడిచినవి. మా ఇంటివారిలో ఇద్దరు దీనికి ఇంకా కోపముగా ఉన్నారు. డబ్బు పోసి పోయి ఒకరి ఇంట్లో మజ్జిగ త్రాగి వచ్చినామని అంటారు. వారి మాటలో కూడా సబబు ఉన్నది.

తిరిగి వచ్చిన వారానికి పెద్దబాలశిక్ష ఒకటి, మన ఆదివారము బడి వాచకములు రెండు కట్టి పోస్టులో పంపినాము. పార్సెళ్ళు కట్టుట మాకు వచ్చిన పనే. సంక్రాంతికి మూడు రోజుల ముందు పోస్టుకార్డు వచ్చినది. చిరునామా మరాఠీలో ఉన్నది. వెనుక వైపు పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక్కటే పంక్తి: "పుస్తకం అందింది తాత మిరప కోసిండు మీరు ఎప్పుడు వస్తరు". "త" తిరగబడి ఉన్నది. ఆ కార్డు మా పిల్లవాడు ఎవ్వరికీ ఇవ్వటము లేదు. కార్యదర్శిగారు ఈ సంచికలో అచ్చు వేస్తామని అడిగినా ఇవ్వలేదు.

ఫిబ్రవరి చివరి ఆదివారము మళ్ళీ పోవలెనని అనుకుంటున్నాము. ఈసారి రెండు రోజులు. మా ఐదు ఇళ్ళే కాక ఇంకెవరైనా రాదలచినవారు సభ ముగిసిన తరువాత పేర్లు ఇవ్వవచ్చును. ఇండ్లలో పాత వాచకములు ఉంటే తెచ్చి ఇవ్వండి, చిరిగినవైనా అట్టలు వేసుకుంటాము. పడవకు పదిమందే, అతనితో వాదించి లాభము లేదు.